నాట్యము – ఆకలి – మనస్సు

చిత్రకారునికి కుంచె, వైణికునికి వీణ సాధనాలు. నర్తకికి శరీరమే సాధనం. నాట్యం నేర్చేవారు ప్రతిదినం తమ శరీరాన్ని తామే పరీక్షించుకోవలసి వస్తుంది. గురువూ, ప్రేక్షకుడూ కూడ దానినే చూస్తారు. ఈ పరీక్ష ఒక్కొక్కప్పుడు వ్యాధికి దారితీస్తుంది. ఆహారం తగ్గిస్తూ వచ్చి, చివరకు తినలేని స్థితికి చేరిన పిల్లల వృత్తాంతాలు వైద్యచరిత్రలో మూడు వందల ఏండ్లకు పైబడి కనిపిస్తున్నాయి. అది మొండితనమూ కాదు, సోకూ కాదు. దేహాన్నీ మనస్సునూ ఏకంగా పట్టే రోగమని గ్రహించడానికి వైద్యులకు చాలకాలం పట్టింది.

క్షయ కాని క్షయ

1689లో లండన్ వైద్యుడు రిచర్డ్ మార్టన్ క్షయరోగాలను గురించి లాటిన్ భాషలో ఒక గ్రంథం ప్రకటించాడు. అందులో పద్దెనిమిదవ ఏట జబ్బుపడిన ఒక బాలిక కథ ఉన్నది. ఆమె ఎముకల గూడుగా మారింది. కాని జ్వరం లేదు, దగ్గు లేదు. మనోవ్యథ వలన కలిగే ఈ కృశత్వాన్ని మార్టన్ నాడీసంబంధమైన క్షయగా భావించాడు. ఆ బాలిక మందులు మానివేసి, కొద్ది నెలలలోనే మరణించింది. అదే గ్రంథంలో పదహారేండ్ల బాలుని కథ కూడ ఉన్నది. అతడు చదువు విడిచి, పల్లెకు పోయి, పాలు ఆహారంగా తీసుకొని చాలవరకు కోలుకున్నాడు. కనుక ఇది బాలికలకే పరిమితమైన వ్యాధి కాదని ఆనాడే తెలిసింది.

1873లో పారిస్‌లో చార్లెస్ లసేగ్, లండన్‌లో విలియం గల్ ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈ వ్యాధిని వర్ణించారు. గల్ పెట్టిన ‘అనొరెక్సియా నెర్వోసా’ అన్న పేరే స్థిరపడింది. నాడీదోషం వలన ఆకలి నశించడమని దాని అర్థం. ఈ పేరు పొరపాటు కలిగిస్తుంది. రోగికి ఆకలి ఉంటుంది. ఆ ఆకలితో రోగి పోరాడుతూ ఉంటుంది. నియమిత వేళలలో ఆహారం పెట్టాలని గల్ సరిగానే చెప్పాడు. కాని సేవచేయడానికి బంధువులు పనికిరారని కూడ అన్నాడు.

1914లో హాంబర్గ్ వైద్యుడు మారిస్ సిమ్మండ్స్, పీయూషగ్రంథి చెడి కృశించి మరణించిన ఒక స్త్రీని గురించి వ్రాశాడు. ఆ తరువాత కొన్ని దశాబ్దాలపాటు తిండిమానిన బాలికలకు కూడ గ్రంథిలోపమే ఉన్నదని పలువురు వైద్యులు భ్రమపడ్డారు.

ఆకలి మనస్సును మార్చుతుంది

ఈ చిక్కును విప్పడానికి ఒక ప్రయోగం ఎంతో తోడ్పడింది. 1944–45లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు వారి సమ్మతితో 24 వారాలపాటు అర్ధాహారం ఇచ్చాడు. వారి బరువు సుమారు నాలుగవ వంతు తగ్గింది. అంతకన్న ఆశ్చర్యకరమైనది వారి మనస్సులోని మార్పు. వారు పగలూ రాత్రీ తిండిని గురించే తలపోశారు, వంటపుస్తకాలు సేకరించారు, చిరాకుపడ్డారు, దిగులుతో స్నేహితులకు దూరమయ్యారు. మనోవ్యథ ఆకలికి దారితీయవచ్చును. అయితే ఆకలి కూడ మనోవ్యథను పుట్టిస్తుంది. రెండూ ఒకదానినొకటి పెంచుకొనే విషవలయం ఇది. ‘ఇకనైనా తినరాదా?’ అన్న మందలింపు ఈ వలయాన్ని ఛేదించలేకపోవడానికి ఇదే కారణం.

1979లో జెరాల్డ్ రస్సెల్ మరొక రూపాన్ని వర్ణించాడు. ఇందులో రోగి అపరిమితంగా తిని, పిదప వాంతి చేసుకొంటుంది. బరువు అంతగా తగ్గకపోవడం వలన ఇంటివారికి అనుమానం రాదు. కాని వాంతులతో రక్తంలోని పొటాషియం తగ్గి, గుండె లయ తప్పే ప్రమాదం ఉన్నది. ఈ రూపానికి ‘బులీమియా నెర్వోసా’ అని పేరు.

నాట్యశాలలో పరిశోధన

1832లో పారిస్ రంగస్థలంపై ‘లా సిల్ఫీద్’ అనే బాలేలో మరీ తాలియోని కాలివ్రేళ్ళ కొనలపై నిలిచి, గాలిలో తేలే దేవకన్యగా నర్తించింది. అప్పటినుండి తేలికదనమే బాలే నర్తకికి ఆదర్శమయింది. ఇరవయ్యవ శతాబ్దంలో అది మితిమీరిన సన్నదనంగా మారింది.

1980లో కెనడా శాస్త్రజ్ఞులు గార్నర్, గార్ఫింకెల్ 183 మంది నృత్య విద్యార్థినులను పరీక్షించగా 12 మందిలో, అనగా నూటికి 6.5 మందిలో, అనొరెక్సియా కనిపించింది. పోటీ తీవ్రంగా ఉన్న శిక్షణాలయాలలో ఇది మరింత ఎక్కువ. పోటీ ఉన్నా శరీరాకృతితో పనిలేని సంగీత విద్యార్థినులతో కూడ వారిని పోల్చి చూశారు. నర్తకులలోనే ఈ బెడద హెచ్చుగా ఉన్నది. 2014లో అనేక పరిశోధనలను క్రోడీకరించినపుడు నర్తకులలో నూటికి 12 మందికి ఏదో ఒక భోజన సంబంధ రుగ్మత ఉన్నదనీ, ఇతరులతో పోల్చితే వారికి ప్రమాదం మూడు రెట్లనీ తేలింది.

శరీరానికి చాలినంత శక్తి అందనపుడు మెదడు ముందుగా సంతానోత్పత్తికి తోడ్పడే హార్మోనులను తగ్గిస్తుంది. ఋతుక్రమం ఆగుతుంది, ఎముకలు పలుచబడతాయి. 1986లో మిషెల్ వారెన్ బృందం 75 మంది బాలే నర్తకులను పరిశీలించింది. రజస్వల కావడం ఆలస్యమైన కొలదీ వెన్నెముక వంకర, ఎముకలు చిట్లడం అధికమైనట్లు గమనించింది. నాట్యం కొరకు చేసిన ఉపవాసం నాట్యాన్నే హరిస్తున్నదన్నమాట.

మన దేశంలో

ఈ వ్యాధి పాశ్చాత్యులకే పరిమితమని తలచరాదు. 1995లో ఢిల్లీ వైద్యులు ఐదుగురు యువతుల వృత్తాంతాలను ప్రకటించారు. వారిలో తిండి నిరాకరించడం, వాంతులు, కృశించడం ఉన్నవి కాని, లావవుతామన్న భయం పైకి కనిపించలేదు. కనుక ఆ భయం లేనంతమాత్రాన వ్యాధి లేదనడానికి వీలులేదు.

మన శాస్త్రగ్రంథాలు ఈ విషయంలో ఏమంటున్నవి? నందికేశ్వరుని ‘అభినయ దర్పణం’ నర్తకి తన్వి కావలెనని చెప్పినా, నాట్యానికి తగని పదిరకాల వారిలో అతిస్థూలతోపాటు అతికృశను కూడ చేర్చింది. ఈ గ్రంథాన్ని 1917లో ఆనంద కుమారస్వామితో కలిసి ఆంగ్లీకరించినవాడు ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. కూచిపూడిలో తరతరాలుగా సత్యభామ వేషం కట్టినవారు పురుషులే. కృష్ణదేవిపేటకు ఎగువనున్న విశాఖ మన్యంలో గిరిజన స్త్రీలు ఒకరి వెనుకగా ఒకరు చేతులు పెనవేసుకొని ధింసా ఆడతారు. అందులో వరుస అంతా ఒక్కటిగా అడుగు కలపడం ముఖ్యం. ఒక్కరి నడుము కొలత కాదు. నర్తకి దేహం ఇట్లాగే ఉండవలెనన్న నియమం ప్రకృతి విధించినది కాదు. అది ఆయా కాలాలవారు, ఆయా రంగస్థలాలవారు ఏర్పరచుకొన్నది. కనుక మార్చుకోదగినది.

ఉపాధ్యాయులు గమనించవలసినవి

అనొరెక్సియా రోగులలో మరణాలు సమవయస్కుల కంటె ఐదు రెట్లకు పైగా ఉన్నట్లు లెక్కలు చెబుతున్నవి. కనుక ఆలస్యం తగదు. మధ్యాహ్న భోజనం తరచుగా తప్పించుకోవడం, తిన్న వెంటనే స్నానాలగదికి పోవడం, ఎండలో కూడ చలి అనడం, కళ్ళు తిరిగి పడిపోవడం, గాయాలు మానకపోవడం, తోటివారితో మాటలు తగ్గించడం – ఇవి ముఖ్యచిహ్నాలు. వార్షికోత్సవానికి నృత్యం నేర్పేటపుడు పదిమందిలో పిల్లల బరువును గురించి పరిహాసమాడరాదు. అనుమానం కలిగినపుడు ఆ విద్యార్థితో ఏకాంతంగా మాట్లాడి, తల్లిదండ్రులకు తెలిపి, వైద్యుని వద్దకు పంపవలెను. మిక్కిలి కృశించినవారికి ఒక్కసారిగా ఎక్కువ ఆహారం పెట్టడం ప్రమాదకరం. అది వైద్యుని పర్యవేక్షణలోనే జరగాలి. 2022లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును.

బంధువులు పనికిరారన్న గల్ అభిప్రాయాన్ని 1987లో లండన్‌లోని మాడ్‌స్లీ వైద్యుల పరిశోధన తలక్రిందులు చేసింది. చిన్నవయసులో వ్యాధి మొదలై, ఎక్కువ కాలం గడవనివారు కుటుంబాన్ని కూడ చికిత్సలో చేర్చుకొన్నపుడే బాగా కోలుకున్నారు. అటువంటి బాలికకు మొదటి ఔషధం వేళకు పెట్టే అన్నం. రెండవది ఆమె తినేవరకు కోపగించుకోకుండా ప్రక్కన కూర్చుండే మనిషి.