శునకశిక్షణమున దండప్రమాణము

వేఁటకుక్కకు విద్య గఱపువాఁడు దాని నెంత కఠినముగా దండింపవచ్చునను ప్రశ్నము మిక్కిలి ప్రాచీనమైనది. ఈ విషయమునఁ బరిశీలింపఁదగినవి రెండు గ్రీకు మృగయాగ్రంథములు. మొదటిది క్రీ. పూ. 4వ శతాబ్దమువాఁడగు క్సెనొఫోను పేరఁ బరఁగుచున్నది. రెండవది, దానియందలి కొఱఁతఁ దీర్చుటకై క్రీ. శ. 2వ శతాబ్దమున అరియను రచించినది.

క్సెనొఫోను కుక్కల దోషములను విస్తరముగాఁ జెప్పెను. జాడ దొరకినను దెలుపనివి, తప్పుజాడఁ బట్టి మొఱిఁగెడివి, వేఁట విడిచి యజమానుని యొద్దకు మరలివచ్చెడివి యిందుఁ గలవు. వీనిలోఁ బెక్కులు స్వభావసిద్ధములనియుఁ, గొన్ని తెలివిమాలిన శిక్షణమువలనఁ గలిగినవనియు నతని మతము. దండనిర్ణయమున కీ విభాగమే మూలమనవచ్చును. దోషము కుక్కదో, గఱపినవానిదో తేలకమున్నే కొరడా యెత్తుట యెట్లు చెల్లును? వేఁటకాఁడు తన చేతితోనే కుక్కలకుఁ దిండి పెట్టవలయునని కూడ నతఁడు విధించెను.

అరియను రోమక చక్రవర్తియగు హాద్రియాను కాలమునఁ గప్పదోకియా మండలాధికారి. అట్టివాఁడు తాను బెంచిన హోర్మె యను నాఁడుకుక్కను గూర్చి మిగుల మక్కువతో వ్రాసెను. అది పిల్లగా నున్నప్పుడు కొరడాదెబ్బ తిన్నదట. పెరిగిన పిమ్మట నెవ్వఁడేని కొరడా పేరెత్తినఁ జాలును, ఆతనిఁ జేరి, వంగి, ముద్దిడునట్లు మూఁతికి మూఁతి చేర్చి, మెడఁ గౌఁగిలించి, కోపము చల్లాఱువఱకు విడువకుండెడిదట. అరియను దీనిని బ్రేమగానే భావించెను. కాని కుక్కలు భయము గొలిపినవానిని శాంతింపఁజేయుటకు నిట్లే వంగుననియు, మూఁతి నాకుననియు నేఁటి జంతుశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కావున నిందుఁ బ్రేమయెంతయో, భీతియెంతయో వేఱుచేయుట సులభము గాదు. ఒక్కటి మాత్రము స్పష్టము: పసితనమునఁ దిన్న దెబ్బ మాటమాత్రముననే మేల్కొనుచున్నది. కుక్క పాఱిపోక దగ్గఱకు వచ్చినదనుట యరియనునకు మెప్పే యగును. దెబ్బ చాలినంతకంటె నెక్కువ నాటినదనుటయు నంతే నిజము.

1910వ సంవత్సరమున జర్మను భాషలో శునకశిక్షణ గ్రంథమును బ్రకటించిన కోన్రాడ్ మోస్ట్ పోలీసు కుక్కలకు విద్య గఱపినవాఁడు. అతఁడు మృదువాది కాఁడు, బలప్రయోగము నంగీకరించినవాఁడే. అయినను మనుష్యుల పాపపుణ్యవిచారము కుక్కకు లేదనియు, ఫలము చేఁతను వెన్వెంటనే యంటి రావలయుననియు నతని సిద్ధాంతము. దీనిఁ బట్టి చూడఁగా, ఆలస్యముగాఁ బడిన దెబ్బ యెంత స్వల్పమైనను గుక్కకు నిష్కారణమే.

నిష్కారణదండనము ఆంధ్రపాఠకులకుఁ గ్రొత్తవిషయము గాదు. భారతము ఆదిపర్వమున జనమేజయుని సోదరులు యాగస్థలమునకు వచ్చిన సారమేయమును గొట్టి తఱుమఁగా, సరమ వచ్చి యడిగెను. నన్నయ యా తల్లిచేత జనమేజయునికి నీతి చెప్పించెను. సంస్కృతమూలమున నా వాదము విచారణవలె నున్నది: నా బిడ్డ హవిస్సుల వైపు చూడలేదు, నాకలేదు, ఏల కొట్టితిరి? సోదరులు మాఱుమాట చెప్పలేదని యందుఁ గలదు.