పెట్రోలులోని సీసము

మోటారుబండి పుట్టిన కొత్తలో పట్టణవాసులు దానిని చూచి సంతోషించిరి. గుఱ్ఱపుబండ్ల కాలమున లండను, న్యూయార్కు నగరముల వీథులు లద్దెతోను, ఈగలతోను నిండియుండెడివి. మోటారు ఆ పీడను తొలగించెను. దాని పొగతో మఱియొక పీడ ప్రవేశించిన చరిత్రమును నేడు మీకు విన్నవించెదను.

ఇంజనులో పెట్రోలు వేళగాని వేళ మండుటచే ఠక్కుఠక్కుమను చప్పుడు పుట్టి, బలము తగ్గుచుండెను. 1921వ సంవత్సరమున అమెరికాలో జనరల్ మోటార్స్ వారి పరిశోధకుడగు థామస్ మిడ్జిలీ సీసముతో గూడిన యొక ద్రవమును రవంత కలిపి దానిని మాన్పెను. ధాన్యమునుండి తీయు మద్యసారము సైతము ఆ పని చేయగలదని వా రెఱుగుదురు. కాని అది ఎక్కువ పాళ్లు కావలెను. దానిపై గుత్తహక్కును దొరకదు. కావున 1923లో సీసపు పెట్రోలే అంగడి కెక్కెను.

మఱుసటి యేడు అక్టోబరులో న్యూజెర్సీ రాష్ట్రపు కర్మాగారమున దానిని తయారుచేయు పనివారు మతిచెడి, ఐదుగురు మరణించిరి. అప్పుడు మిడ్జిలీ పత్రికలవారి యెదుట ఆ ద్రవముతో చేతులు కడిగికొని, భయము లేదని చూపెను. అతడే అంతకు ముందేడు సీసపు విషముచే జబ్బుపడి విశ్రాంతి గైకొనినవాడు! ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు వలదని వాదించినను, నిషేధింప కారణము లేదని 1926లో ప్రభుత్వ సంఘము తేల్చెను.

సీసము కాలి నశించునది కాదు. పొగతో వెడలి వీథి ధూళిలో నిలుచును. ఆ ధూళిలో ఆడుకొను బిడ్డల నెత్తుట చేరును. భూమి వయస్సును లెక్కకట్టిన క్లెయిర్ ప్యాటర్సన్ 1965లో ఈ వ్యాప్తిని లోకమునకు చాటెను. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అను వైద్యుడు ఊడిన పాలపండ్లను పరీక్షించి, సీసము హెచ్చుగా నున్న బిడ్డలకు తెలివి తగ్గుచున్నదని చూపెను. అమెరికాలో పెట్రోలునుండి సీసమును తగ్గింపగా, 1976కును 1991కిని నడుమ జనుల నెత్తుటిలోని సీసము నాలుగింట మూడు పాళ్లకు పైగా తగ్గెను.

మన దేశమున 1995లో నాలుగు మహానగరములందు సీసము లేని పెట్రోలు వచ్చెను. 2000వ సంవత్సరమున దేశమంతటను అదియే అయ్యెను. కడపట 2021లో అల్జీరియా సీసపు పెట్రోలును మానెను. అంగడి కెక్కిన దానిని దింపుటకు దాదాపు నూఱేండ్లు పట్టినవి.

సీసము పోయినను పొగ పోలేదు. కొత్త సరకు వచ్చినపుడు, హాని లేదని నిరూపించు భారము అమ్మువానిపై నుండవలెను గాని, హాని కలదని చూపు భారము బిడ్డల తల్లులపై నుండరాదు. ఈ చరిత్రమునుండి నేను గ్రహించిన నీతి యిదియే.