రచ్చ గెలిచి ఇల్లు చేరని జట్టు

ఆ జట్టు తన ఆఖరి ఆట గెలిచింది. ఉప్పల్‌లోనే, మన కళ్ళ ముందే గెలిచింది. 2012 మే 20, ఆదివారం. చెమటకి తడిసిన చొక్కాలతో, బొంగురుపోయిన గొంతులతో స్టేడియం మెట్లు దిగి, రింగురోడ్డు వైపు కొందరం, హబ్సిగూడ మీదుగా నాచారం వైపు కొందరం వెళ్ళిపోయాం. వచ్చే ఏడాది చూసుకుందాంలే అనుకున్నాం. వచ్చే ఏడాది అనేది ఆ జట్టు నొసట రాసి లేదు. ఆ సంగతి ఆ సాయంత్రం ఎవరికీ తెలియదు. తెలిసుంటే ఇంకాసేపు కూర్చునేవాళ్ళం.

డెక్కన్ చార్జర్స్ బతికింది ఐదు వసంతాలు. వేపపూత రాలి, మామిడికాయకి పులుపెక్కే రోజుల్లో దాని ఏడాది మొదలయ్యేది, రోహిణీ కార్తె ఎండలు వచ్చేసరికి ముగిసేది. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ జట్టు బతుకంతా ఆ మాటకి ఎదురీదింది. ముందు రచ్చ గెలిచింది, అదీ సముద్రాల అవతల. ఇంట గెలవడం చేతనయ్యేసరికి ఇల్లే లేకుండా పోయింది.

2008 జనవరిలో డెక్కన్ క్రానికల్ పత్రిక యాజమాన్యం 10 కోట్ల 70 లక్షల డాలర్లు పోసి హైదరాబాద్ జట్టుని కొన్నది. దూకడానికి సిద్ధంగా ఉన్న కోడెగిత్త దాని గుర్తు. లక్ష్మణ్ మనవాడు, కెప్టెన్. సొంత ఊరి పెద్ద ఆటగాడికి జట్టులో అందరికంటే 15 శాతం ఎక్కువ ముట్టే ఐకాన్ హోదా ఉండేది. లక్ష్మణ్ అది వద్దన్నాడు. ఆ డబ్బుతో ఇంకా మంచి ఆటగాళ్ళని కొనుక్కోండి అని వదిలేశాడు. అలా మిగిలిన డబ్బుతోనే వేలంలో ఆండ్రూ సైమండ్స్ కోసం 13 లక్షల 50 వేల డాలర్ల దాకా వెళ్ళగలిగారు. ఆ ఏడాది అంతకంటే ఎక్కువ పలికింది ధోనీ ఒక్కడే. గిల్‌క్రిస్ట్, గిబ్స్, అఫ్రిదీ, వాస్, ఇంకా ఇరవై ఏళ్ళ రోహిత్ శర్మ. కాగితం మీద ఆ పేర్లు చదువుతుంటేనే కడుపు నిండిపోయేది.

ఆ వసంతంలో ఉప్పల్‌లో ఏడు ఆటలు ఆడారు. ఏడూ ఓడారు.

అందులో ఒకదాని దగ్గర నా మనసు ఇప్పటికీ ఆగిపోతుంది. ఏప్రిల్ 24, రాజస్థాన్ రాయల్స్‌తో. సైమండ్స్ 53 బంతుల్లో 117 కొట్టి నాటౌట్‌గా నిలిచాడు. జట్టు స్కోరు 214. ఈ రాత్రి మనదే అనుకున్నాం. అనుకోవడంలో తప్పేముంది? రాజస్థాన్‌కి ఆఖరి ఓవర్లో 17 కావాలి. బంతి సైమండ్స్ చేతికే ఇచ్చారు. ఎదురుగా బ్యాటు పట్టుకున్నది షేన్ వార్న్, బంతి తిప్పడానికే పుట్టినవాడు. ఆ స్పిన్నరు ఆ ఓవర్లో సిక్సర్లు కొట్టాడు. ఒక బంతి మిగిలి ఉండగానే ఆట అయిపోయింది. సెంచరీ కొట్టినవాడే ఆ ఓవరు ఇచ్చుకుని, తల వంచుకుని నడిచి వెళ్ళాడు. ఆ ఓవరు ఇంకెవరైనా వేసుంటే? ఆ ఒక్క గెలుపు దొరికి, మన మైదానమంటే మనవాళ్ళకి భయం పోయుంటే?

ఇప్పుడు ఆ ఓవర్ని తలుచుకుంటే గెలుపోటములు గుర్తుకు రావు. 2022 మార్చిలో వార్న్ పోయాడు. రెండు నెలలు తిరిగేసరికి, మే నెలలో, క్వీన్స్‌లాండ్‌లో రాత్రివేళ కారు బోల్తాపడి సైమండ్స్ పోయాడు. ఉప్పల్ దీపాల కింద 22 గజాల దూరంలో ఎదురుబొదురుగా నిలబడ్డ ఆ ఇద్దరిలో ఇప్పుడు ఒక్కరూ లేరు.

ఆ ఏడాది 14 ఆటల్లో గెలిచినవి రెండే, అవీ పరాయి ఊళ్ళలో. ముంబైవాళ్ళ మీద గిల్‌క్రిస్ట్ 47 బంతుల్లో 109 కొట్టిన రోజు ఒకటి, చెన్నైలో చెన్నైని కొట్టిన రోజు ఒకటి. ఎనిమిది జట్లలో మనది ఎనిమిదోది. మే 27న చెన్నై చేతిలో ఓడి ఉప్పల్ దీపాలు ఆరిపోయినప్పుడు, ఈ జట్టు మళ్ళీ ఈ గడ్డ మీద అడుగుపెట్టడానికి దగ్గర దగ్గర మూడేళ్ళు పడుతుందని ఎవరూ కలగనలేదు.

2009లో సార్వత్రిక ఎన్నికలు వచ్చాయి. భద్రత ఇవ్వడం కుదరదన్నారు, ఐపీఎల్ మొత్తం దక్షిణాఫ్రికాకి తరలిపోయింది. అక్కడ ఈ జట్టుకి ఏం పూనిందో! గిల్‌క్రిస్ట్ కెప్టెన్, డారెన్ లీమన్ కోచ్. మొదటి నాలుగు ఆటలూ వరసగా గెలిచారు. రోహిత్ ముంబై మీద హ్యాట్రిక్ తీశాడు. కోల్‌కతా మీద ఆఖరి ఓవర్లో 21 కావాల్సి వస్తే ఆఖరి బంతిని సిక్సర్‌గా లేపి గెలిపించాడు. సెమీఫైనల్లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85. మే 24న జొహానెస్‌బర్గ్‌లో ఫైనల్. మొదటి ఓవర్లోనే గిల్‌క్రిస్ట్ సున్నాకి కుంబ్లే చేతికి చిక్కాడు. గిబ్స్ ఒక్కడూ 53తో కడదాకా నిలబడ్డాడు. చేసింది 143 పరుగులే. ఆఖరి ఓవర్లో బెంగళూరుకి 15 కావాలి. ఆర్‌పీ సింగ్ బంతి పట్టుకున్నాడు. ఇచ్చుకోలేదు. ఆరు పరుగుల గెలుపు. కిందటేడు అట్టడుగున ఉన్న జట్టు దేశానికే విజేత.

ఆ రాత్రి నాచారం సందుల్లో టపాకాయలు పేలాయి. టీవీల ముందు కూర్చున్న మేము ఒకరినొకరు కావిలించుకున్నాం. కానీ ఆ సంబరంలో ఒక వెలితి ఉంది, దాన్ని అప్పుడు గుర్తించలేదు. కప్పు పైకెత్తిన చోట మన ఊరి మట్టి లేదు, మన గొంతు లేదు. పెళ్ళి ఎక్కడో జరిగింది, కబురు మాత్రం ఇంటికి వచ్చింది. కోడలు గడప తొక్కేది వచ్చే వసంతంలోనే కదా అని సరిపెట్టుకున్నాం.

ఆ వసంతం రాలేదు. 2009 డిసెంబర్ నుంచి తెలంగాణ ఉద్యమం ఉవ్వెత్తున లేచింది. దానికి గుండెకాయ ఉస్మానియా క్యాంపస్, ఉప్పల్‌కి కూతవేటు దూరమే. తరతరాల ఆకాంక్ష వీధుల్లోకి వచ్చిన కాలమది, దాని ముందు ఒక ఆట ఎంత! ఆ న్యాయాన్ని కాదనను. అయినా ఆట తన నష్టం తాను మూటగట్టుకుంది. 2010 ఆటల్ని హైదరాబాద్ నుంచి, విశాఖ నుంచి తీసేసి కటక్‌కీ నాగపూర్‌కీ నవీ ముంబైకీ పంపారు. విజేతలన్న పేరు పెట్టుకుని ఊరూరా తిరిగిన జట్టు, సొంత మైదానంలో ఒక్క బంతీ వేయలేదు. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టు దిగి, రామకృష్ణా స్టూడియో వైపు నడిచి వచ్చేవాళ్ళకి ఆకాశంలో కనిపించాల్సిన ఆ తెల్లటి వెలుగు ఆ ఏడూ ఐపీఎల్ కోసం వెలగలేదు. ఆ తిరుగుళ్ళలోనూ సెమీఫైనల్ దాకా వెళ్ళారు పాపం. చెన్నై మీద 143 కొట్టాలి. 104కే కుప్పకూలారు.

ఆ గెలిచిన జట్టు, ఆ మనుషులే, ఒక్కసారి ఉప్పల్ మెట్ల మధ్య నుంచి మైదానంలోకి దిగి వచ్చుంటే! నలభై వేల గొంతులు ఒక్కసారి వాళ్ళ పేరు పిలిచి ఉంటే! నా దుఃఖమంతా ఆ ఒక్క చోటే ఉంది. మిగతావి లెక్కలు.

2011 జనవరి వేలానికి ముందు ఒక్కో జట్టూ నలుగురి దాకా తన దగ్గరే ఉంచుకోవచ్చన్నారు. ముంబై నలుగుర్ని ఉంచుకుంది. చెన్నై నలుగుర్ని ఉంచుకుంది. మనవాళ్ళు ఒక్కరినీ ఉంచుకోలేదు. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కి, లక్ష్మణ్ కొచ్చికి, సైమండ్స్ ముంబైకి. రోహిత్ కూడా ముంబైకే. ఆ తర్వాతి పదేళ్ళలో ముంబైకి కెప్టెన్‌గా ఐదు కప్పులు తెచ్చాడు. ఆ చేయి పట్టుకుని వదిలేశాం. పొలం అమ్ముకున్నవాడికి ఆ గట్టు మీద నడిచినప్పుడల్లా ఎలా ఉంటుందో, ముంబై ఆడుతున్నప్పుడల్లా మాకు అలా ఉండేది.

కొత్త కెప్టెన్ సంగక్కర, కొత్త బంతి డేల్ స్టెయిన్‌ది. 2011 ఏప్రిల్ 9న జట్టు మళ్ళీ ఉప్పల్‌లో అడుగుపెట్టింది. ఓడింది. ఇంట్లో అది వరసగా ఎనిమిదో ఓటమి. ఐదు రోజుల తర్వాత, ఏప్రిల్ 14న, బెంగళూరు మీద 33 పరుగులతో గెలిచింది. పుట్టిన మూడేళ్ళకి ఇంట్లో మొదటి గెలుపు. ఆ మొదటి గెలుపుని సొంత ఊళ్ళో కళ్ళారా చూడాల్సిన లక్ష్మణ్ అప్పటికి వేరే జట్టు చొక్కాలో ఉన్నాడు.

2012 వసంతం మొదలవడమే కుంటుతూ మొదలైంది. మొదటి ఐదు ఆటలూ పోయాయి. అందులో రెండోది విశాఖలో, ముంబైతో. చేతికి అందిన ఆట. ఆఖరి బంతికి సిక్సర్ కొట్టి లాక్కుపోయింది ఎవరనుకున్నారు? రోహితే. 2009లో కోల్‌కతా మీద మనకోసం కొట్టిన అదే దెబ్బ.

లోపల అంతకంటే పెద్ద తెగులు పట్టింది. యాజమాన్య సంస్థ అప్పుల్లో మునిగిపోయింది. జీతాల బకాయిల మాట బయటికి పొక్కింది. బ్యాటుకీ బంతికీ దూరంగా, కాగితాల మీద ఆ జట్టు ప్రాణం కొంచెం కొంచెంగా కారిపోతోంది. మైదానంలో ఉన్నవాళ్ళు మాత్రం ఆడుతూనే ఉన్నారు. శిఖర్ ధావన్ ఆ ఏడాది 569 పరుగులు చేశాడు. ఆఖరి రెండు ఆటలూ ఉప్పల్‌లోనే. మే 18న రాజస్థాన్ మీద గెలిచారు. మే 20న బెంగళూరు. మనం చేసింది 132. అందులో సగానికి పైగా, 74, డుమినీ ఒక్కడివే. బెంగళూరు గెలిస్తే ముందుకు వెళుతుంది, మనకి గెలిచినా వచ్చేదేమీ లేదు. ఏమీ రాని ఆ ఆటలో స్టెయిన్ నాలుగు ఓవర్లు వేసి ఎనిమిది పరుగులిచ్చి మూడు వికెట్లు తీశాడు. తొమ్మిది పరుగుల గెలుపు. దాంతో బెంగళూరు దారి మూసుకుపోయి, చెన్నైకి తెరుచుకుంది. చెన్నై ఫైనల్ దాకా వెళ్ళింది. పోతూ పోతూ మనవాళ్ళు ఇచ్చిన దానం అది.

తెల్లవారుజామున ఉప్పల్ రింగురోడ్డు దాటి వరంగల్ రోడ్డు మీద ఘట్‌కేసర్ వైపు బారులుగా సాగే సైకిల్ బృందాల్ని చూసినప్పుడు నాకు ఈ జట్టే గుర్తొస్తుంది. సొంత డబ్బుతో కొన్న సైకిలు, సొంత ఊపిరి. వాళ్ళని ఎవరూ వేలం వేయలేరు. డబ్బు మీద నిలబడ్డ జట్టుకి, అది సైకిల్ జట్టయినా సరే, ఆ ధీమా ఉండదు. 2011లో హెచ్‌టీసీ హైరోడ్ జట్టు తరఫున మార్క్ కావెండిష్ టూర్ డి ఫ్రాన్స్‌లో ఆకుపచ్చ జెర్సీ గెలిచాడు. రెండు వారాలు తిరక్కుండానే, స్పాన్సర్ దొరకక ఆ ఏడాదితో మూసేస్తున్నామని ఆ జట్టు ప్రకటించింది. ఎంత గెలిచినా చాలలేదు.

మనకీ దారులు కనిపించాయి, కనిపించి మూసుకుపోయాయి. 2012 సెప్టెంబర్ 13న అమ్మకానికి పెడితే పీవీపీ సంస్థ 900 కోట్లకి వేసిన పాట ఒక్కటే వచ్చింది. దాన్ని ఒప్పుకోలేదు. మర్నాడే క్రికెట్ బోర్డు జట్టుని రద్దు చేసింది. బొంబాయి హైకోర్టు 100 కోట్ల బ్యాంకు గ్యారంటీ తెమ్మంది. గడువులు పొడిగించారు. అక్టోబర్‌లో ముంబై నిర్మాణ సంస్థ ఒకటి కొంటానని ముందుకొచ్చింది. గ్యారంటీ మాత్రం రాలేదు. అక్టోబర్ 25న హైదరాబాద్ జట్టు ఏడాదికి 85 కోట్ల 5 లక్షల చొప్పున సన్ టీవీ చేతికి వెళ్ళింది. రద్దు చెల్లదంటూ 2020లో ఒక మధ్యవర్తి 4,800 కోట్లకి పైగా పరిహారం ఇమ్మన్నాడు, మరుసటేడు హైకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. ఎవరిది న్యాయమో తేల్చే శక్తి నాకు లేదు. ఆ వేల కోట్ల అంకెలు చదువుతుంటే, టికెట్టు కోసం రూపాయి రూపాయి కూడబెట్టుకున్న పిల్లలు మాత్రం గుర్తొస్తారు. వాళ్ళ బాకీ ఏ కోర్టు కాగితంలోనూ లేదు.

2013 ఏప్రిల్ 5న ఉప్పల్ దీపాలు మళ్ళీ వెలిగాయి. సన్‌రైజర్స్ అనే కొత్త జట్టు, నారింజ రంగు చొక్కాలు. పుణెతో మొదటి ఆట. ఎనిమిది ఓటములు తిన్నాక గానీ చార్జర్స్‌కి దక్కనిది, ఆ జట్టుకి మొదటి రాత్రే దక్కింది. 22 పరుగుల గెలుపు.

బంతి అందుకుని పరుగు కొలుచుకుంటూ వెనక్కి నడుస్తున్నవాణ్ణి చూసి నా పక్కన కూర్చున్న కుర్రాడు లేచి నిలబడ్డాడు. స్టెయినే. ఆ రాత్రి 11 పరుగులిచ్చి మూడు వికెట్లు. అదే పరుగు, అదే చేతి ఊపు, వికెట్ పడగానే గొంతు నరాలు పొంగేలా అదే అరుపు. చుట్టూ అందరూ లేచారు. నేనూ లేచాను. కుర్రాడు చప్పట్లు కొడుతూ నావైపు తిరిగి, పోయినేడు బెంగళూరు మీద కూడా ఇలాగే వేశాడు కదన్నా, అన్నాడు.