ఒకే శ్రుతిలో అనేక కేంద్రములు

తంబురాకు శ్రుతి కలుపువారిని మీరు చూచియే యుందురు. రెండు తంతులు ఇంచుమించు సమముగ నుండియు నొక్కటి కానప్పుడు నాదము అలలవలె పెరిగి తరుగుచుండును. శ్రుతి కుదిరినకొలది ఆ కదలిక మందగించి, తుదకు నిలిచిపోవును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున బ్రిటనులోని రేడియో ఇంజనీర్లు, ఎంతో దూరదూరమున నున్న ప్రసారయంత్రములకు ఇట్లే శ్రుతి కలుపవలసి వచ్చెను.

దానికి కారణము విమానదాడుల భయము. ప్రతి రేడియో కేంద్రమునకును దాని పౌనఃపున్యము వేరు. అది యుండు తావు లోకవిదితము. వైమానికుడు చట్రపు ఏరియలును త్రిప్పి ఆ తరంగము వచ్చు దిక్కును కనుగొనగలడు. కావున కేంద్రము శత్రువునకు దీపస్తంభ మగును. అన్నిటిని మూసివేసినచో ప్రమాదవేళ ప్రజలకు వార్త లుండవు. నోరు మూయకుండ చోటు దాచు టెట్లు?

బి.బి.సి. వారు యుద్ధమునకు పూర్వమే ఉపాయము నాలోచించి యుంచిరి. పలు కేంద్రములు ఒకే పౌనఃపున్యమున ఒకే కార్యక్రమమును ప్రసరించినచో, తరంగములు కలిసిపోయి దిక్కు తెలియరాదు. 1939 సెప్టెంబరు 1వ తేదీ సాయంకాలము పాత కార్యక్రమములు రెండును ఆగి, వాని స్థానమున ‘హోమ్ సర్వీసు’ ఆరంభమయ్యెను. కేంద్రములలో ఒక వర్గము 391 మీటర్లపైనను, వేరొకటి 449 మీటర్లపైనను పలికెను. విమానము ఒక కేంద్రమును సమీపించినచో దాని తరంగమే మిక్కుటమై గుట్టు బయటపడును. అందుచేత వైమానికదళపు ఆజ్ఞ రాగానే ఆ కేంద్రమును మాత్రము ఆపెడివారు. అప్పుడు దూరమున నున్న తోటి కేంద్రముల పలుకు, క్షీణముగనైనను, వినబడుచుండెను.

అయితే 391 మీటర్ల తరంగ మనగా సెకండునకు సుమారు 7,67,000 కంపనములు. రెండు యంత్రములకు ఒక్క కంపనము భేదమున్నను, వాని బలము సమానమగు తావులందు ధ్వని సెకండున కొకసారి లేచి పడును. అనగా పదిలక్షలలో ఒక వంతు తప్పును సైతము సహింపరాదు. దీనికి క్వార్ట్‌జు స్ఫటికము తోడయ్యెను. తగు మందమున కోసిన పలక ఒకే వేగమున కంపించును. వేడిమి మారిన ఆ వేగమును మారును గనుక, దానిని సమోష్ణమగు పెట్టెలో నుంచెదరు. అయినను కాలక్రమమున స్వల్పముగ జారును. కావున ఇంజనీర్లు ఒక యంత్రపు కంపనమును వేరొకదానితో పోల్చి సవరించవలసినదే. ఇది వారికి కేవలము క్రొత్తవిద్య కాదు. 1929లోనే బి.బి.సి. చిన్న కేంద్రములు పెక్కు 288.5 మీటర్ల తరంగమును పంచుకొనెను.

పౌనఃపున్యములు సరిపోయినను చిక్కు పూర్తిగ తీరదు. రెండు కేంద్రముల నడుమ తరంగములు ఒకచో కూడి, మరియొకచో ఒకదానినొకటి హరించును. రాత్రివేళ ఆకాశపు పొరలనుండి ప్రతిఫలించినవి కూడ వచ్చి చేరగా మాట వికృతమగును. పెక్కు గృహములలో వినికిడి చెడెను. ఆ కొరతను కొంత తీర్చుటకు 1940 నవంబరు నుండి 203.5 మీటర్లపై పట్టణములందు స్వల్పశక్తి యంత్రములను నెలకొల్పిరి. ఇవి సుమారు 60 వరకు పెరిగెను.

1945 జూలై 29వ తేదీన ప్రాంతీయ కార్యక్రమములు మరల వెలువడెను. దాదాపు ఆరేండ్లు ఆ దేశపు శ్రోతలు స్పష్టతను కొంత విడిచి, ఎడతెగని పలుకును నిలుపుకొనిరి. ఇంజనీర్ల పని కుదిరిన తావున శ్రోతకు దాని ఉనికియే తెలియలేదు.