బెల్ వ్యూ చెరకు తోటలో మునుసామి

హిందూ మహాసముద్రంలో మారిషస్ ఒక చిన్న దీవి. వైశాల్యం సుమారు 2000 చదరపు కిలోమీటర్లు, అంటే మన తిరువళ్లూరు జిల్లా కంటే చిన్నది. అక్కడ ఉగాదికి ప్రభుత్వ సెలవు ఉంది. ఇంత దూరం మన పండుగ ఎలా వెళ్లిందో తెలుసుకుందామని మొదలుపెడితే, నా వయసు అబ్బాయి ఒకడి చావు దగ్గర ఆగిపోయాను.

బానిసత్వం రద్దయ్యే రోజుల్లో అక్కడి చెరకు తోటలకు పనివాళ్లు కావలసి వచ్చారు. 1834 నుంచి కలకత్తా, మద్రాసు, బొంబాయి రేవుల్లో మనవాళ్లను ఒప్పందపు కూలీలుగా ఓడలెక్కించారు. మొత్తం దాదాపు నాలుగున్నర లక్షల మంది. కోరంగి రేవు పేరు మీద తెలుగువాళ్లను అక్కడ కొరంగీలు అనేవారు. మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లూ తమిళులూ కలిసే వెళ్లారు, మన అత్తిమంజేరిపేట వీధుల్లో కలిసి ఉన్నట్టే.

నూరేళ్లు దాటినా కూలి బతుకు పెద్దగా మారలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా జపాన్ చేతికి పోయాక అక్కడి నుంచి వచ్చే బియ్యం ఆగిపోయింది. చాలీచాలని కూలితో కుటుంబాలు ఎలా తినాలి? ఉత్తరాన బెల్ వ్యూ హారెల్ తోటలో కూలీలు సమ్మె కట్టారు. 1943 సెప్టెంబర్ 27న పోలీసులు వాళ్లమీద కాల్పులు జరిపారు. నలుగురు పోయారు. అంజలై కుప్పన్ అనే 32 ఏళ్ల గర్భిణి, 37 ఏళ్ల కృష్ణసామి, తర్వాత గాయాలతో చనిపోయిన మర్డే పనపెన్, ఇంకా 14 ఏళ్ల మునుసామి.

అక్కడి రికార్డుల్లో ఆ అబ్బాయి పేరు ‘మూన్‌సామీ’ అని ఉంటుంది. గుమాస్తాలు తమ చెవికి వినబడినట్టు రాసుకున్నారు కాబోలు! మన పక్క ఏ ఊళ్లో అడిగినా ఒక మునుసామి దొరుకుతాడు. వీళ్లది తమిళ మూలమే గానీ ఆ పేరు మాత్రం మన రెండు భాషలదీ.

ఈ చావులకు దీవిలోని కూలి జనం తల్లడిల్లిపోయారు. ప్రభుత్వం మూడీ అనే అధికారి అధ్యక్షతన విచారణ కమిషన్ వేయక తప్పలేదు. తర్వాత అంజలై పేరు దేశమంతా నిలిచింది, బెల్ వ్యూ ప్రాంతంలోని స్టేడియానికి కూడా ఆమె పేరే పెట్టారు. అది న్యాయమే. కానీ 14 ఏళ్ల వాడి గురించి నాకు రెండు వాక్యాలకు మించి దొరకలేదు. వాడికి చదువు వచ్చో రాదో, ఇంట్లో ఏమని పిలిచేవారో! మా క్లాసులో సగం మందికి అదే వయసు.

1947లో కొత్త రాజ్యాంగం వచ్చింది. ఏదైనా ఒక భాషలో చిన్న వాక్యాలు చదివి రాయగలిగిన పెద్దవాళ్లకు ఓటు ఇస్తామన్నారు. ఆ భాషల పట్టికలో తమిళం ఉంది, తెలుగూ ఉంది. బాసుదేవ్ బిసూన్‌దయాళ్ మనుషులు ఊరూరా తిరిగి కూలీలకు రాత నేర్పారు. 1948 ఎన్నికల్లో ఆ కూలీలు వరుసల్లో నిలబడి ఓటేశారు. ఓటుకు 21 ఏళ్లు నిండాలి. మునుసామి ఉండి ఉంటే అప్పటికి 19, ఇంకో రెండేళ్లు ఆగాల్సి వచ్చేది.