వెంట్రుకవాసి పని

ఫొటోలో మనిషిని నేపథ్యం నుంచి కత్తిరించి తీయడంలో చొక్కా, భుజం, చెయ్యి పెద్దగా ఇబ్బంది పెట్టవు. అంచు ఎక్కడుందో కంటికి తెలిసిపోతుంది. చిక్కంతా జుట్టుతోనే. ఎగిరే ముంగురుల దగ్గర ఒక్కో చుక్కలో (పిక్సెల్‌లో) కొంత వెంట్రుక, కొంత వెనకున్న గోడ కలిసి ఉంటాయి. అక్కడ గీత ఎటు గీసినా తప్పే అవుతుంది. ఈ పనికి నూట అరవై ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్ర నిండా ఆ చుక్కతో పట్టిన కుస్తీయే.

1857లో ఇంగ్లండ్‌లో ఆస్కార్ రేలాండర్ 30కి పైగా నెగిటివ్‌లను ఒకదాని తర్వాత ఒకటిగా అచ్చువేసి ఒకే చిత్రం చేశాడు. ఒక నెగిటివ్ అచ్చవుతున్నంతసేపూ కాగితంలో మిగతా భాగానికి వెలుతురు తగలకుండా కప్పి ఉంచాలి. మాంచెస్టర్ ప్రదర్శనలో పెట్టిన ఆ చిత్రం ప్రతిని విక్టోరియా రాణి కొనుక్కుంది.

తర్వాత అచ్చు పనిలో ఈ చాకిరీ కుంచెకీ కత్తికీ వచ్చింది. నెగిటివ్ మీద నేపథ్యమంతా వెలుతురు దూరని రంగు పూసేవారు. లేదంటే రూబీలిత్ అనే ఎర్రటి పొర పరిచి, కత్తి మొనను అంచు వెంట పోనిచ్చి, అక్కర్లేని ముక్కను ఒలిచేసేవారు. అచ్చు పనిలో వాడే లిత్ ఫిల్ముకు ఎరుపు, నలుపు ఒకటే కాబట్టి పొర ఉన్నచోట వెలుతురు ఆగిపోయేది. ఎంత పనిమంతుడు కోసినా జుట్టు మాత్రం హెల్మెట్‌లా తేలేది.

సినిమా వాళ్లకు ఇదే పని సెకనుకు 24 బొమ్మల మీద పడింది. 1940లో వచ్చిన ‘ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్’ కోసం లారీ బట్లర్ నటులను నీలి తెర ముందు నిలబెట్టాడు. చర్మంలో నీలం తక్కువ కాబట్టి మనిషిని విడదీయడం వీలైంది. దానికి ఆస్కార్ వచ్చింది కానీ అంచుల్లో నీలం మిగిలిపోయేది. దాన్ని వదిలించినవాడు పెట్రో వ్లాహోస్. ‘బెన్ హర్’ (1959) కోసం అతను నీలానికీ ఆకుపచ్చకూ ఉన్న తేడాను లెక్కలోకి తీసుకుని, నేపథ్యాన్ని కప్పే ముసుగు తయారుచేశాడు. పొగ, గాజు, జుట్టు కూడా నమ్మదగినట్టు కనిపించాయి.

అసలు మలుపు 1977లో వచ్చింది. న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎడ్ కాట్‌మల్, ఆల్వీ రే స్మిత్ ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలతో పాటు నాలుగో అంకె చేర్చారు. దానికి ఆల్ఫా అని పేరు పెట్టారు. ఇప్పటి మామూలు లెక్కలో అది 0 అయితే చుక్క కనపడదు, 255 అయితే నిండుగా కనపడుతుంది, 128 అయితే సగం. చుక్క లోపలిదా బయటిదా అని తేల్చాల్సిన పని పోయింది, ఎంత లోపలిదో చెబితే చాలు. ఈ రంగంలో ఇంతకన్నా గొప్ప ఆలోచన మరొకటి రాలేదు.

1990లో నోల్ సోదరుల ఫొటోషాప్ లాసో, మ్యాజిక్ వాండ్ అనే ఎంపిక పనిముట్లతో బయటికొచ్చింది. మరుసటి ఏడాది రెండో వెర్షన్‌లో పెన్ టూల్ చేరింది. తెలుగు ఊళ్లలో ఫ్లెక్సీ షాపుల వాళ్లకూ పెళ్లి ఆల్బమ్ డిజైనర్లకూ చేయి తిరిగింది దీనితోనే. బొమ్మను బాగా జూమ్ చేసి, చెవి కింద మొదలుపెట్టి చుక్క తర్వాత చుక్క పెట్టుకుంటూ తల చుట్టి వస్తారు. కంట్రోల్ ఎంటర్ కొట్టి ఆ గీతను ఎంపికగా మార్చి, అంచు మెత్తబడేలా ఒక పిక్సెల్ ఫెదర్ ఇస్తారు. తీరిక లేనప్పుడు నాయకుడి తల చుట్టూ లావుపాటి తెల్ల స్ట్రోక్ వేసి కోత లోపాన్ని దాచేస్తారు.

2004లో మైక్రోసాఫ్ట్ పరిశోధకుల గ్రాబ్‌కట్ వచ్చాక బొమ్మ చుట్టూ ఒక పెట్టె గీస్తే చాలు, మిగతాది కంప్యూటరే ఊహించేది. ఇప్పుడు ఫోనులో వేలు ఆనిస్తే మనిషి ఊడి వస్తున్నాడు. అయినా పలచటి మేలిముసుగు, రేగిన జుట్టు ఎదురైతే ఈ పనిముట్లు తడబడుతూనే ఉన్నాయి. కాబట్టి ఈసారి ఇంట్లో పెద్దల ఫొటో ఫ్రేము కట్టించడానికి ఇచ్చినప్పుడు, డిజైన్ చేసే కుర్రాణ్ణి తొందరపెట్టకుండా ఇంకో పావుగంట ఇవ్వండి.