పాత బడిని కూల్చాలా, నిలపాలా?



ఊళ్లో పాత బడి పాడుబడితే రెండు మాటలు వినిపిస్తాయి. అందులో చదివిన పెద్దలు ఉంచమంటారు. పిల్లల్ని పంపాల్సిన తల్లులు కూల్చమంటారు.

హైదరాబాదులో మూసీకి అటొకటి, ఇటొకటిగా రెండు కట్టడాలున్నాయి. ఏడో నిజాం కాలంలో రెండింటికీ నమూనా గీసినవాడు విన్సెంట్ ఎష్. సిటీ హైస్కూలుగా కట్టినది నేడు సిటీ కాలేజీ. అక్కడ ఇప్పటికీ పాఠాలు నడుస్తున్నాయి. రెండోది ఉస్మానియా ఆసుపత్రి. పెచ్చులూడుతుంటే 2015లో కూల్చాలన్నారు, వద్దన్నవారు అడ్డుపడ్డారు. వాదన తెగకముందే 2020 జూలైలో వార్డుల్లోకి వాననీరు వచ్చింది. రోగులను తరలించి పాత భవనానికి తాళం వేశారు. చివరికి 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది. మనం వాదించుకుంటున్నంత కాలం వాన ఆగదు.

ఎజ్రా గ్రంథం 3వ అధ్యాయం చూడండి. కొత్త మందిరానికి పునాది వేసిన రోజు, పాత మందిరాన్ని చూసిన వృద్ధులు ఏడ్చారు, మిగతావారు సంతోషంతో కేకలు వేశారు. ఏ శబ్దం ఏదో తెలియలేదు. ఇద్దరూ దేవుని ప్రజలే.

పసుపు తవ్వాక మనమేం చేస్తాం? కుళ్లిన కొమ్ములు ఏరేస్తాం, మంచివి విత్తనానికి దాస్తాం. బడి విషయంలోనూ అంతే. ముందు ఇంజనీరుకు చూపించండి. ప్రమాదమున్న కప్పు కింద ఒక్క బిడ్డనూ కూర్చోబెట్టవద్దు. గట్టి గోడను సున్నంతో బాగుచేయండి. కూల్చక తప్పకపోతే శిలాఫలకాన్నీ, హాజరు పట్టీలనూ భద్రపరచండి.

ఇరుపక్షాలకూ దేవుడు వివేకం దయచేయును గాక. ఆమేన్.